వంకర కొయ్య తుపాకి

ఆ పొద్దున ఆకాశమంతా పొగ. పడమటి కొండల అవతల అడవి తగలబడటం మొదలై చాలా రోజులైంది. గాలి అటునుంచి వీచినప్పుడల్లా లోయ ఇలాగే మూసుకుపోయేది. సూర్యుడు రాగిబిళ్ళలా వేలాడుతున్నాడు. కళ్ళు చిట్లించకుండా నేరుగా చూడొచ్చు. నేల మీద దేనికీ నీడ లేదు. నేను మాక్సీన్ కొట్టుదాకా నడిచి, కాఫీ పోయించుకొని కిటికీ పక్కన కూర్చున్నాను.

మాక్సీన్ దగ్గర పెట్రోలూ మేకులూ గుర్రాల మందులూ వేడి రొట్టే అన్నీ దొరుకుతాయి. లోయలో ఎవరికేం జరిగినా ఆ సంగతి ముందు ఆవిడ బల్ల మీదికే వస్తుంది. ఆరిన్ ట్వైట్ తలుపు తోసుకొని లోపలికి రాగానే ఆవిడ అతని ముఖం చూసి గరిటె కింద పెట్టింది.

"ఏమయ్యా ఆరిన్, గుర్రం తన్నిందా, తుపాకి తన్నిందా?"

"కాఫీ పొయ్యి."

"తుపాకే. కనుబొమ మీద నాడా అచ్చులా ఎంత చక్కగా పడిందో! మాగ్నమ్‌లు మోసేవాళ్ళని చూసి ఇన్నేళ్ళూ నవ్వావు కదా. నడవడం చేతగానివాళ్ళు కొనుక్కుంటారన్నావు. ఇప్పుడేమంటావు?"

"నీ రొట్టె మాడుతోంది, చూసుకో."

"మాడనీ. ఎంత మాడినా ఇవాళ నీ ముఖం కంటే నయమే."

అందరూ నవ్వారు. ఆరిన్ కూడా నవ్వినట్టు పెదవి కదిపాడు.

మందు ఎక్కువ పట్టే మాగ్నమ్ తూటా పేలినప్పుడు తుపాకి గట్టిగా వెనక్కి తంతుంది. తుపాకి మీది దుర్భిణికి ముఖం మరీ దగ్గరగా పెట్టినవాడికి దాని అంచు తగిలి కనుబొమ మీద నెలవంకలా తెగుతుంది. మా ఊళ్ళో సగంమందికి ఆ మచ్చ ఉంది. నాకూ ఉంది. కుడి భుజానికి ఆనించి కాల్చేవాడికి అది కుడి కనుబొమ మీదే పడుతుంది. ఆరిన్ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కుడి భుజం మనిషి. గాయం మాత్రం ఎడమ కనుబొమ మీద ఉంది.

నేను కాఫీ తాగడం ముగించాను. లేచి ఇంటికి బయల్దేరాను.

నేను తుపాకులు బాగుచేస్తాను. ఇంటి వెనక షెడ్డులో ఒక లేతు యంత్రం, చెక్కపని బల్ల ఉన్నాయి. ఇంట్లో నేనొక్కణ్ణే. రెండో కుర్చీ మీద ఎప్పుడూ ఎవరిదో ఒక తుపాకి గొట్టం పడుకొని ఉంటుంది. ఆరిన్ వాగు ఎగువన ఉంటాడు. భార్య లోర్నా పోయినప్పటినుంచి అతనూ ఒక్కడే. చిన్నప్పుడు ఇద్దరం బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆ తర్వాత ఎక్కువ మాట్లాడుకోవాల్సిన పని పడలేదు.

మూస్ దుప్పిని కొట్టడానికి మా దగ్గర చీటీ తీసి పర్మిట్ ఇస్తారు. మనిషి భుజమంత ఎత్తు కాళ్ళమీద నడిచే నల్లటి దుప్పి అది. ప్రతి వసంతంలోనూ దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టి పెట్టి, పేరు రాకుండానే మట్టిలో కలిసినవాళ్ళు చాలామంది. ఆరిన్ పేరు ఆ వేసవి మొదట్లో వచ్చింది. ఒక్క పోతు, నవంబరు ఆఖరుదాకా గడువు. పర్మిట్ ఎవరిదైతే కాల్చాల్సింది వాళ్ళే, ఇంకొకరు కాల్చిపెట్టకూడదు. ఇంకోసారి పేరు రావాలంటే ఇంకో జన్మ ఉండాలి.

పేరు వచ్చిన వారంలోనే అతను తన పాత థర్టీ-ఆట్-సిక్స్ తుపాకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"దీని గొట్టం పీకెయ్. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ గొట్టం పెట్టు."

"దీంతో నువ్వు కొట్టని ఎల్క్ దుప్పి లేదు కదరా."

"ఈసారి దూరంనుంచి కొట్టాలి."

"నువ్వు పాక్కుంటూ దగ్గరికెళ్ళే రకం."

"మోకాళ్ళు పాకనిస్తేగా. చేస్తావా, ఇంకొకణ్ణి చూసుకోనా?"

చేశాను. కొన్నాళ్ళకి ఇంకా పెద్ద దుర్భిణి కావాలన్నాడు. బిగించాను. ట్రిగ్గర్ తేలిక చెయ్యమన్నాడు. తర్వాత దుర్భిణిలోని గురిగీతలు సన్నగా ఉన్నాయనీ లావువి కావాలనీ వచ్చాడు. విడివిడిగా చూస్తే ఏ కోరికా వింతది కాదు. పేరు వచ్చినవాడికి కంగారు సహజం. గురి సరిచూడ్డానికి కంకర గోతి దగ్గరికి మాత్రం నన్ను రానివ్వలేదు. ఒక్కడే వెళ్ళేవాడు, ఒక్కడే వచ్చేవాడు. గుండ్లు పడిన కాగితం ఎక్కడని అడిగితే గాలికి పోయిందనేవాడు.

ఆ పొగ ఉదయం మాక్సీన్ కొట్టునుంచి నా వెనకే షెడ్డుకి వచ్చాడు.

"దుర్భిణి పాడైంది, నెల్స్. గుండు ఎటు పోతోందో తెలియట్లేదు."

తీసి చూశాను. మరలు బిగువుగా ఉన్నాయి. అద్దం శుభ్రంగా ఉంది. తుపాకిలో తూటా లేదని రెండుసార్లు చూసి అతని చేతికిచ్చాను.

"కళ్ళు మూసుకో. భుజానికి ఆనించు. ఊఁ, ఇప్పుడు తెరువు."

పక్కనుంచి చూశాను. అతని తల, భుజానికి ఆనే కొయ్య మీదినుంచి అవతలికి వాలిపోయింది. మెడ నరం తాడులా లేచింది. దుర్భిణి వెనక ఉన్నది ఎడమ కన్ను. కుడి కన్ను తెరుచుకొనే ఉంది, ఎటూ చూడటం లేదు.

నాకు తెలిసిందని అతనికి తెలిసింది. తుపాకి దించలేదు.

అతని ఎడమ చేతికి చూపుడువేలు లేదు. గడ్డిమోపులు కట్టే యంత్రం ఎప్పుడో పట్టుకుపోయింది. అందుకని భుజం మార్చి ఎడమచేత్తో కాల్చే దారి కూడా లేదు.

"ఆ వేలుంటే పని తేలికయ్యేది," అన్నాను.

"ఏం వాగుతున్నావురా?"

"ఏం లేదు."

"నా ముఖాన ఏదో రాసున్నట్టు చూడకు." తుపాకి సంచిలో తోసి, జిప్పు లాగి వెళ్ళిపోయాడు. ట్రక్కు మలుపు తిరిగేదాకా రోడ్డుకి కుడిపక్కన కంచెకి ఆనుకున్నంత దగ్గరగా పోయింది.

పొగ పోయింది. మొదటి మంచు కొండ శిఖరాల మీద పడింది. ఎల్క్‌లు కిందికి దిగాయి. ఆరిన్ కొట్టుకి రావడం మానేశాడని మాక్సీన్ అంది. నేను వెళ్ళి తలుపు కొట్టి ఉండొచ్చు. వెళ్ళలేదు. మా ఇద్దరికీ అలవాటు లేని పని అది.

ఒకరోజు అతనే వచ్చాడు. చేతిలో తుపాకి లేదు.

"కొయ్య వంచగలవా?" అన్నాడు.

"వంచడం కాదు. వంకరగా చెక్కాలి. కొయ్య మడమ కుడి భుజం మీద ఉంటుంది, గొట్టం ఎడమ కంటి ముందుకు వస్తుంది. దుర్భిణిని పక్కకి జరిపి బిగించినా కనిపిస్తుంది గానీ చెంప ఆనదు. చెంప ఆనకపోతే గురి నిలవదు."

"చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది?"

"ట్రక్కు ఎక్కి తొక్కినట్టుంటుంది."

"కానివ్వు," అన్నాడు.

"మాగ్నమ్ పనికిరాదు. వంకర కొయ్య మీద అది పేలితే చెంప ఎముక పగులుతుంది."

"పాత గొట్టం వేసెయ్ అయితే."

"అదీ ఎక్కువే. సిక్స్-ఫైవ్ వేద్దాం, చిన్న తూటా. అల్మరాలో పాత స్వీడిష్ సైన్యం తుపాకి ఒకటి ఉంది. యంత్రం మంచిది."

అప్పుడు నవ్వాడు. ఆ ఏడాది అతను నిజంగా నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. "పదో తరగతి ఆడపిల్లలకి కొనిచ్చే కాలిబర్ అది! మాక్సీన్ వింటే కొట్టు మూసేసి పండగ చేసుకుంటుంది."

"మీ తాత నార్వేలో దుప్పుల్ని దేంతో కొట్టేవాడో గుర్తుందా?"

"తాతకి దుప్పులు పెరట్లోకొచ్చేవి."

"అయితే నువ్వే దాని పెరట్లోకి పోవాలి. గుండు సన్నగా పొడుగ్గా ఉంటుంది, లోతుకు దిగుతుంది. ఊపిరితిత్తుల్లో పడితే ఎంత పెద్దదైనా పడుకుంటుంది. కానీ వంద గజాల లోపు."

"వంద గజాలా."

"లోపు. ఆపైన ఉంటే ఎత్తకు."

వాల్‌నట్ చెక్కలు రెండు జిగురుతో కలిపి బిగించాను. ఒక్క చెక్కలో అంత వంపు రాదు. కొలతలకి అతన్ని కిటికీ ముందు నిలబెట్టాను. కళ్ళు మూసుకొమ్మని, చీపురుకర్ర భుజానికి పెట్టి, సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నాను. తల ఎంత వాలితే మెడ లాగకుండా ఉంటుందో చూడాలంటే చెంప మీద చెయ్యి వేసి తిప్పాలి. వేశాను. గడ్డం మాసి ఉంది. ఇంకో మనిషి ముఖం ముట్టుకొని నాకు ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. అతను ఊపిరి బిగబట్టి, పిల్లవాడు క్షవరానికి కూర్చున్నట్టు నిలబడ్డాడు. చెయ్యి తీశాక కూడా కాసేపు కళ్ళు తెరవలేదు.

చెక్కడం, ఎక్కించి చూడటం, మళ్ళీ ఆకురాయితో అరగదీయడం. చెంప ఆనేచోట చాలాసార్లు తీశాను. అక్కడ చెక్క ఎక్కువైతే కన్ను పైకి పోతుంది, తక్కువైతే వెతుక్కుంటుంది. ట్రిగ్గర్‌ని మళ్ళీ బరువు చేశాను. చేతి తొడుగు వేసుకున్నవాడికి తేలిక ట్రిగ్గర్ మంచిది కాదు. పెద్ద దుర్భిణి తీసేసి చిన్నది పెట్టాను.

కంకర గోతి దగ్గరికి ఈసారి నన్ను రమ్మన్నాడు. మాక్సీన్ దగ్గర కొన్న కాగితం పళ్ళేలు నిలబెట్టి కాల్చాడు. మొదటివి అటూ ఇటూ పోయాయి. తర్వాత నడిమధ్యకి వచ్చాయి. పళ్ళెం తెచ్చి చూపిస్తే తీసుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నవంబరులో విల్లో పొదల వాగు వెంట తిరిగాం. నేను తుపాకి తీసుకెళ్ళలేదు. అతని కుడిపక్కన నడిచాను. అతను అడగలేదు, నేను చెప్పలేదు. మంచు మోకాలిదాకా ఉంది. మేమిద్దరం నడుస్తున్నా ఎవరికి వారం ఒంటరిగానే నడుస్తున్నట్టుండేది.

మొదటి రోజుల్లోనే పెద్దది కనిపించింది. పచ్చిక మైదానానికి అవతలి అంచున, ఫర్ చెట్ల ముందు నిలబడి ఉంది. కొమ్ములు చేటల్లా ఉన్నాయి. అలాంటి పోతుని నేను ఫొటోల్లోనే చూశాను. దాని దాకా నక్కి వెళ్ళడానికి మధ్యలో ఒక్క పొద కూడా లేదు. దూరం నాలుగు వందల గజాలు దాటే ఉంటుంది. ఆరిన్ దుర్భిణిలోంచి చాలాసేపు చూశాడు.

"మాగ్నమ్ అయితే..." అన్నాడు.

నేను బైనాక్యులర్స్ దించాను.

"తగిలేది," అన్నాడు. తర్వాత, "ఎక్కడో ఒక చోట," అన్నాడు. తుపాకి దించాడు. అది తీరిగ్గా చెట్లలోకి పోయింది. అతను మంచులో కూర్చొని, అది వెళ్ళిన వైపే చీకటి పడేదాకా చూశాడు. ఆ తర్వాత అది మాకు మళ్ళీ కనబడలేదు.

గడువు ఆఖరి వారం వచ్చింది. ఆ రోజు వెలుతురు బూడిదరంగులో ఉంది. వాగు వంపు దగ్గర పొదల్లో ఏదో విరిగిన చప్పుడైంది. నల్లటి వీపు, పొడుగు మూతి. గాలి మావైపే వీస్తోంది. యాభై, అరవై గజాలుంటుంది. ఆరిన్ మోకాలి మీద కూర్చొని తుపాకి ఎత్తాడు. వంకర కొయ్య అతని చెంపకి అతుక్కుపోయింది. కాలుస్తాడనుకున్నాను.

కాల్చలేదు.

"నెల్స్," అన్నాడు, గొంతులోనే. "దానికి కొమ్ములున్నాయా?"

పర్మిట్ పోతుకి, కొమ్ములుండేది దానికే. ఆడదాన్ని కొడితే జరిమానా ఒకటే కాదు, ఆ మనిషి లోయలో ఎవరి ముఖమూ చూడలేడు.

"నీకు కనబడట్లేదా?"

"కుడిది పోయింది. వసంతంలోనే పోయింది. డాక్టరు ఇక రాదన్నాడు. ఎడమది ఉంది గానీ, ఈ వెలుతురులో... తల చుట్టూ ఉన్నవి దానివో పొదవో నాకు తేలట్లేదు. నువ్వు చూసి చెప్పు."

అన్ని నెలల్లో అతను ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదలు. చెప్పడానికి అంతకంటే కష్టమైన చోటు లేదు. నేను బైనాక్యులర్స్ ఎత్తాను. దుప్పి తల తిప్పేదాకా ఆగాను.

"పోతు. చిన్నది. కొమ్ము అరచెయ్యంత ఉంది."

"ఖాయమా?"

"ఖాయం."

"చిన్నదా?"

"చిన్నదే. వద్దంటే దించు."

అతను దించలేదు. ఊపిరి వదిలాడు. తుపాకి చప్పుడు కూడా చిన్నగానే ఉంది, ఎవరో పలక విరిచినట్టు. దుప్పి ఏదో విన్నట్టు నిలబడింది. కొన్ని అడుగులు నడిచింది. ముందుకాళ్ళు మడిచి, ఆవు పడుకున్నట్టు మంచులో పడుకుంది. మళ్ళీ లేవలేదు.

దగ్గరికి వెళ్ళాక ఆరిన్ తొడుగు తీసి దాని మెడ మీద చెయ్యి పెట్టాడు. వేళ్ళు లోపలికి పోయేంత జుట్టు. కొమ్ము తడిమి చూసుకున్నాడు, ఒక పక్క, తర్వాత రెండో పక్క.

"వచ్చే వసంతానికి దరఖాస్తు పెట్టక్కర్లేదు," అన్నాడు.

"అక్కర్లేదు."

"ఆ కాగితాలు లోర్నా నింపేది. తర్వాత నేనే నింపేవాణ్ణి. ఆ నెలంతా ఏదో పని ఉన్నట్టుండేది."

కత్తి అతనికిచ్చాను. పనిలో పడ్డాం. చర్మం వలిచి, తొడలు విడదీసి, బరువంతా మంచు మీద లాగే రెండు బండ్ల మీదికి ఎక్కించేసరికి చేతులు మొద్దుబారాయి. గుండెకాయ గుడ్డలో చుట్టి అతను కోటు లోపల పెట్టుకున్నాడు. దిగేటప్పుడు కుడిపక్క ఒక దుంగ ఉంటే, "దుంగ," అన్నాను. ఆగి, దాటాడు. తర్వాత ప్రతిసారీ చెప్పాను. ప్రతిసారీ సరే అన్నాడు.

అతని ఇంట్లో పొయ్యి రాజెయ్యడానికి చాలాసేపు పట్టింది. పొద్దుటినుంచి చలికి బిగుసుకున్న ఇల్లు. ఆరిన్ గుండెకాయని పలచగా కోసి, వెన్నలో ఉల్లిపాయలు వేయించి, అందులో వేశాడు. నేను బంగాళాదుంపలు ఉడికించాను. ఉప్పు ఎక్కడుందని వెతికితే, చేత్తో చూపించాడు. రెండు పళ్ళేలు, రెండు ఫోర్కులు. బల్లకి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. బయట మళ్ళీ మంచు మొదలైంది. మాంసం మెత్తగా ఉంది. అతను నా పళ్ళెంలో ఇంకో ముక్క వేశాడు. నేను తిన్నాను. అతనూ తిన్నాడు. పెనం ఖాళీ అయ్యేదాకా ఇద్దరం బల్ల దగ్గరనుంచి లేవలేదు.