లోడింగ్ డాక్ మీద భోజనం

అన్నం గిన్నె బోర్లాపడింది. అప్పుడే వేడి చేసుకున్న పప్పన్నం లంచ్‌రూమ్ గచ్చు మీద పొగలు కక్కుతుంటే, ప్రణీత్ దాని ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"ఆరెంజ్ జాకెట్లకు లోపలేం పని? రేపట్నుంచి షిఫ్టుకు రాకు," అన్నాడు గిన్నెను విసిరికొట్టిన సూపర్‌వైజర్ రవిశంకర్.

కెనడాలోని వాన్ నగరంలో, ఆ గిడ్డంగిలో నీలి జాకెట్లు కంపెనీ ఉద్యోగులవి; నారింజవి ఏజెన్సీ పంపిన విద్యార్థులవి. మోసే పెట్టెలు ఒకటే, తినే చోట్లు వేరు. ఫిబ్రవరి చలిలో, లారీలకు సరుకెక్కించే, షట్టర్లు తెరిచిన లోడింగ్ డాక్ అరుగు మీద నిలబడి నారింజ జాకెట్లు నాలుగు మెతుకులు మింగాలి.

ప్రణీత్‌లాగే నారింజ జాకెట్ వేసుకునే సాత్విక ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. రవిశంకర్‌ది వరంగల్, "మనోళ్లను నేను చూసుకుంట చెల్లే" అనేవాడు. ఆ మాట నమ్మి, యూనియన్ పెడదాం రమ్మన్న పంజాబీ కార్మికులను తెలుగువాళ్లంతా తిప్పి పంపారు. ఆ నమ్మకం ఇప్పుడు మెతుకులతో పాటు గచ్చు మీద పడి ఉంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నమే, ఆ గదిలోనే, కంపెనీ ఒక సన్మానం తలపెట్టింది. నల్లజాతివారిని దూరంగా ఉంచిన రోజుల్లో బాస్కెట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టిన తొలి నల్లజాతి ఆటగాడు ఎల్డన్ క్రాఫర్డ్ చేతికర్రతో వచ్చాడు. సమానత్వం గురించి తెల్లజాతి మేనేజర్ ఉపన్యాసం ఎత్తుకున్నాడో లేదో, సాత్విక తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

"సార్, మీకు చప్పట్లు కొడుతున్న ఈ గదిలో మేం అన్నం తినకూడదు. తినబోయినందుకు మా ప్రణీత్ పని పీకేశారు," అంది ఇంగ్లీషులో.

ముసలాయన చేతిలోని పూలగుచ్ఛం బల్ల మీద పెట్టాడు.

"నేను ఆట గెలిపిస్తే మా జట్టు హోటల్లో విందు చేసుకునేది. నాకు బస్సులోకి కాగితం పొట్లం వచ్చేది. ఒకనాడు జట్టులో ఒకడు తన పళ్లెం పట్టుకుని బస్సెక్కాడు. తర్వాతి ఊళ్లో జట్టంతా ఎక్కింది. ఖాళీ బల్లలు చూసి హోటలువాడే తలుపు తెరిచాడు."

ఆయన కర్ర తిప్పుకుని వెనక తలుపు వైపు నడిచాడు.

"సార్, అటు కాదు! అది లోడింగ్ డాక్!" మేనేజర్ వెంటపడ్డాడు.

"వెనక దారులు మీవాళ్లు నాకు కుర్రతనంలోనే నేర్పారు."

ఆయన డాక్ మీద చెక్కపలకల దొంతరపై కూర్చున్నాడు. నీలి జాకెట్లలో అందరికన్నా పాతమనిషి శకుంతల, తన డబ్బా చంకన పెట్టుకుని లేచింది. ఆమె వెనక పంజాబీలు, ఫిలిప్పీనోలు, సోమాలీలు, చివరికి నీలి జాకెట్లన్నీ కదిలాయి. పెట్టెలెత్తే చేతులు లేక కన్వేయర్ బెల్టు ఆగిపోయింది.

రవిశంకర్ పరుగున వచ్చాడు. "చెల్లే, పోలీసులను పిలిచిన్రు. మనోళ్లకు నువ్వన్న చెప్పు!"

"మనోళ్లా?" సాత్విక డాకంతా చెయ్యి చూపింది. "ఇగో, అందరు ఈడనే కూసున్నరు. నువ్వే అటు దిక్కున్నవ్."

శకుంతల పెరుగన్నం సగం డబ్బా మూతలో పెట్టి ప్రణీత్ చేతికిచ్చింది. "తినవయ్యా. నిన్ను లోపల కూర్చోబెట్టేదాకా మేమూ ఇక్కడే తింటాం."

పోలీసు కార్ల వెలుగు నారింజ జాకెట్ల మీదా, నీలి జాకెట్ల మీదా ఒక్కలాగే పడింది.

ఎవరూ లేవలేదు.