శిల్పి కూతురి పేరు

ఆసియాలోని పాత గుళ్ళూ శిథిలాలూ వరసపెట్టి చూపించే యాత్ర అది. ఇరవైమంది యాత్రికులు, వివరాలు చెప్పడానికి ఒక పెద్దమనిషి. నాలుగు దేశాలు తిరిగి మా శిథిలాలకు వచ్చారు. ఆయన రాసిన పుస్తకం అందరి చేతుల్లోనూ ఉంది. ఇక్కడ వాళ్ళకి దారి చూపించే పని నాది. ఈ రోజు కోసం ఇరవయ్యేళ్ళుగా పళ్ళు నూరుతున్నాను.

మా నాన్న ఇక్కడ రాతి అచ్చులు తీసేవాడు. శాసనం మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో బాది, సిరా అద్దితే రాయంతా నల్లగా, అక్షరాలు తెల్లగా తేలతాయి. అద్దీ అద్దీ, బడి గడప తొక్కకుండానే ఆ పాత లిపి చదవడం నేర్చుకున్నాడు. గుడి పునాదిరాతి మీది శాసనాన్ని మొదట చదివింది ఆయనే. చదివిన ప్రతి ముక్కా నోటుబుక్కులో రాసుకున్నాడు.

శిల్పి కూతురు ఇక్కడ మొదటి దీపం పెట్టింది అని చివరి వరుస. ఆమె పేరున్న చోట రాయి పెచ్చు లేచిపోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పేరు లేదంటే ఒప్పుకోక గుక్కపట్టి ఏడ్చాను. నాన్న నవ్వి, ఆ ఖాళీలో పెన్సిలుతో 'మిరియం' అని రాశాడు. అది నా ముద్దుపేరు. గింజంత మనిషిని, ఘాటు మాత్రం గంపెడు. "రేపు చెరిపేస్తాలే" అన్నాడు.

అప్పట్లో నాన్నతో పాటు ఇక్కడే శాసనాల మీద పనిచేస్తున్న ఈ పెద్దమనిషి, మర్నాడే నోటుబుక్కు అడిగి పట్టుకెళ్ళాడు. "వారంలో తెచ్చిస్తా అన్నయ్యా" అన్నాడు. తేలేదు. ఏడాదికి ఆయన పేరుతో పుస్తకం వచ్చింది. నాన్న మూడుసార్లు ఆయన ఆఫీసుకి వెళ్ళాడు. మూడోసారి గేటు దగ్గరే ఆపి, "అచ్చులు తీసే కూలివాడికి చదవడమేంటయ్యా?" అని నవ్వి పంపేశారు. ఆ తర్వాత నాన్న బ్రష్షు ముట్టలేదు. పోయేదాకా ముట్టలేదు.

ఆ పుస్తకం తెరిస్తే ఏముంది! ఒక అధ్యాయం నిండా నేనే. శిల్పి కూతురి పేరు మిరియమట. ఆ కాలంలో మిరియాల వ్యాపారం జోరుగా సాగిందనడానికి అదే రుజువట! నవ్వు రాలేదు, కడుపు మండింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. రెండేళ్ళు నాన్న క్యారేజీలో సగం తిన్నాడు. ఒక్కనాడైనా "అన్నయ్యా, నీ కూతురి పేరేంటి?" అని అడిగి ఉంటే ఈ రోజు బతికిపోయేవాడు.

నాన్న చదివిన ఏడే ఆ పునాదిని మళ్ళీ మట్టితో కప్పేశారు. ఇన్నాళ్ళూ మట్టికిందే ఉంది. ఈ ఏడే మట్టి తీశారు. పక్కన ఒక ఫలకం బిగించి గుడ్డ కప్పారు. 'ఈ శాసనాన్ని మొదట చదివినవారు' అని ఆయన పేరు చెక్కించారు. ఇంకో గంటలో గుడ్డ తీస్తారు. అది తీశారా, మా నాన్న రెండోసారి చచ్చిపోయినట్టే.

"సార్, ముందు ఒక అచ్చు తీసి చూపించనా? చివరి వరుస అందరి ముందూ తేలుతుంది," అన్నాను మాటలకి తేనె పూసి.

"భేష్! చూపించమ్మాయ్," అన్నాడు. రాయి వైపు వంగనైనా లేదు. "మిరియం దీపం పెట్టింది సరిగ్గా ఇక్కడే" అంటూ యాత్రికులకి చెప్పుకుపోతున్నాడు.

నాన్న బ్రష్షు తీశాను. రాయి కడిగాను, కాగితం పరిచాను, బాదాను. ఆ దెబ్బలు ఎవరి వీపు మీద పడుతున్నాయో నాకు తెలుసు. ఎండకి కాగితం కాస్త ఆరగానే సిరా అద్దాను. శిల్పి తేలాడు, కూతురు తేలింది. ఆ తర్వాత, పేరుండాల్సిన చోట నలుపే. మళ్ళీ అద్దాను. ఒక్క తెల్లగీత రాలేదు.

పుస్తకం పట్టుకున్న ఒక పెద్దావిడ ముందుకు వంగింది. "మిరియం ఏదండీ?"

"అది... నేను చదివినప్పుడు స్పష్టంగా ఉండేది. తర్వాత అరిగిపోయింది."

"మట్టికింద ఉన్న రాయి ఎలా అరిగిందండీ?" ఆవిడ వదల్లేదు.

అంతలో టికెట్ల కౌంటరు నుంచి నాన్న పాత స్నేహితుడు కేకేశాడు. "మిరియం! గుడ్డ తీయడానికి ఆఫీసరు గారొచ్చారే!"

ఇరవై తలలూ నావైపు తిరిగాయి. పెద్దమనిషి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"నువ్వు... అన్నయ్య కూతురివా?" దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఊరుకో తల్లీ. ఫలకం మీద నాన్న పేరు కూడా వేయిస్తా. నా పక్కనే."

"మీ పక్కనెందుకు బాబాయ్? ఆయన మీ పక్కన కూర్చుని క్యారేజీ పంచుకున్న సంబరం చాలు!"

ఇది మాత్రం అందరికీ వినపడేలా అన్నాను. పెన్సిలు సంగతీ, నోటుబుక్కు సంగతీ గొంతెత్తి చెప్పాను. ఆఫీసరు గారు అచ్చు చూశారు, పుస్తకం చూశారు, ఫలకం మీద గుడ్డ తీయొద్దన్నారు.

అచ్చు తీసినవాళ్ళ పేరు కాగితం మూల రాయడం మా పనిలో పద్ధతి. నేను నాన్న పేరు రాశాను. ఆ కాగితం తీసుకెళ్ళి పెద్దమనిషి చేతుల్లో పెట్టాను.

"పట్టుకెళ్ళండి బాబాయ్. వారంలో తెచ్చివ్వక్కర్లేదు."