నలభై ఎనిమిది సుత్తి నట్లు

రోజూలాగే కళ్లు మూసుకుని, వేలికొసలతో ఒక్కొక్క బోల్టు తలనూ తడుముతూ పోతున్నాడు నట్టుమావయ్య. పదిహేడో బోల్టు దగ్గర వేలు ఆగింది. బోల్టు తిరిగింది. బిగించే కీ పెట్టకుండా, ఒట్టి వేలికి!

ఆయన కళ్లు తెరిచాడు.

అల్యూమినియం కడ్డీలతో కట్టిన చట్రం అది. కడ్డీకి నాలుగు పక్కలా గాడులు. గాడిలో నట్టు, నట్టులో బోల్టు, బోల్టు మీద నమ్మకం. పైన వేలాడేది మోటారు. కింద కూర్చునేది డబ్బాలకు మూతలు బిగించే ఆరుగురు ఆడవాళ్లు. నిన్న పది నిమిషాలు నడిపి చూశారు. ఇవాళ నాలుగింటికి షిఫ్టు.

ఏ చట్రానికి ఏ నట్టు వాడాలో చెప్పడం ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే. పొట్టి మనిషి, బట్టతల, చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు నట్లు. ఇంటికెళ్లి వంగితే అవన్నీ నట్టింట్లో రాలేవి. ‘మీరొస్తుంటే గజ్జెలు కట్టుకుని వస్తున్నట్టుంటుంది’ అని భార్య వెక్కిరించేది. మరలు తెలిసినవాడే గానీ మరపు తెలియనివాడని షెడ్డులో పేరు.

“ఒరేయ్ బామ్మర్దీ!”

సూపర్‌వైజరు, అంటే స్వయానా భార్య తమ్ముడు, టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు. “ఏంటి బావా, పొద్దున్నే సైరనేశావ్?”

“దీన్లో సుత్తి నట్లు ఎవడేశాడ్రా? నువ్వు కొట్టే సుత్తి చాలదా మాకు?”

సుత్తి నట్టుది సులువైన బతుకు. కట్టేసిన చట్రంలోనైనా పైనుంచి పెట్టి, పావు చుట్టు తిప్పితే పట్టుకుంటుంది. మోటారు వణికిందంటే మాత్రం మెల్లగా పట్టు వదిలేస్తుంది. జారుడు నట్టు అలా కాదు. గాడిలో పొడుగ్గా కూర్చుంటుంది. పేరుకే జారుడు, పట్టు ఉడుముది. కాకపోతే మూలలు మూయకముందే కడ్డీ చివరినుంచి దూర్చాలి. మరిచిపోతే చట్రమంతా విప్పుకోవాల్సిందే.

మాటకు నాలుగు మాటలు అప్పగించే బామ్మర్ది ఈసారి గ్లాసు కింద పెట్టాడు. ఆఫీసులోకి వెళ్లి, ఓ కాగితం తెచ్చి బావ చేతిలో పెట్టాడు.

‘సుత్తి నట్లు - 48.’ కింద సంతకం. తన సంతకమే. పైన ముడి కలవని ఆ ఎనిమిది కూడా తనదే.

“నేనా?”

“శుక్రవారం రాశావు బావా. ఇవేనా అని అడిగాను కూడా. ‘నాకే నేర్పుతావా’ అన్నావ్. నోరు మూసుకున్నా.”

శుక్రవారం ఆయనకు గుర్తుంది. వాన పడింది. గొడుగు విరిగింది. ఈ కాగితం మాత్రం గుర్తులేదు. ఎంత వెతికినా, ఆ చోట బుర్రలో తెల్లగా, ఖాళీగా ఉంది. కాళ్ల కింద నేల ఎవరో మర విప్పినట్టు వదులైంది.

మూతలు బిగించే ఆడవాళ్లలో పెద్దామె కొత్త చట్రం చూసుకుందామని పెందరాళే వచ్చి, అంతా వింటూ నిలబడింది. “ఇంతకీ దీని కింద కూర్చోవచ్చా అన్నయ్యా?”

“నాలుగింటికి కూర్చో అమ్మా. అప్పటిదాకా దూరంగా ఉండు.”

“ఇవాళ్టికి షిఫ్టు మానిపిద్దాం బావా.”

“తప్పు నాదైతే కూలి పోయేది వాళ్లకా? పట్టు.”

మోటారు దించారు. మూలలు విప్పారు. కడ్డీలన్నీ నేలమీద పరిచి, ఆయన ఒక్కొక్క గాడిలోకీ జారుడు నట్లు దూర్చసాగాడు. అన్నం తినలేదు. ఎడమచేతిలోంచి నట్లు ఊరికే జారిపోతున్నాయి.

“జారుడు నట్లు కదరా, పేరు నిలబెట్టుకుంటున్నాయి!”

బామ్మర్ది నవ్వాడు. ఆ రోజుకు అదే మొదటి నవ్వు.

నాలుగుకు పది నిమిషాలుందనగా మోటారు మళ్లీ పైకెక్కింది. స్టూలు మీద కూర్చుని, కింది వరస బిగిస్తూ ఆయన అన్నాడు: “నలభై ఏడు. ఇంకొక్కటి. నువ్వెళ్లి స్విచ్చి దగ్గరుండు. నేను చెప్పాకే వెయ్యి.”

బామ్మర్ది స్విచ్చి మీద చెయ్యి పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

“వెయ్యనా బావా?”

గోడవైపే చూస్తూ గొంతు పెంచాడు.

“బిగుసుకుపోయావేంటి బావా? వెయ్యనా, వద్దా?”

వెనక్కి తిరిగాడు. బావ కడ్డీకి నుదురు ఆనించి, లోపలేదో చప్పుడు వింటున్నట్టు కూర్చునున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా ఒళ్లో పెట్టేశాడు. నలుగురు మోసుకెళ్లారు. పెద్దామె నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీయలేదు. ఏడవాలని కూడా ఎవరికీ తోచలేదు. ‘ఇప్పుడే కదా మాట్లాడాడు’ అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బయట కారులో అక్క దగ్గరికి బయల్దేరబోతూ బామ్మర్ది ఆగాడు. ఆ ఆఖరిది?

లోపలికొచ్చి చట్రం ముందు మోకరిల్లాడు. నలభై ఎనిమిదో బోల్టు తలలో, ఎల్ అక్షరంలా వంగిన కీ అలాగే దిగి ఉంది. రెండు చేతులతో పట్టి తిప్పి చూశాడు. మొహం ఎర్రబడేదాకా బలం పెట్టాడు. వెంట్రుకవాసి కదల్లేదు.

“కూర్చోవచ్చు,” అన్నాడు పెద్దామెతో.

కీని మాత్రం తీయలేకపోయాడు. పొడుగు కాలు పక్కకు చాచుకుని, అరచెయ్యి ఒరుసుకోకుండా చుట్టిన నీలం గుడ్డపీలిక ఇంకా చెమటతో తడిగా, అది అక్కడే ఉండిపోయింది.