బావ ఎంచిన ఇగ్నిషన్

పెట్టె విప్పగానే ఆమెకు ఒళ్ళు మండింది. రేపు అడవిలో జరిగే బైకు పందేనికి తన టూ-స్ట్రోక్ బండికి, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కొత్త ఇగ్నిషన్ తెమ్మంటే, బావ ట్రాకు మీద దూకించే బళ్ళది తెచ్చాడు. ఇంజనుతోపాటు తిరిగే దీని ఫ్లైవీల్ చక్రం మరీ తేలిక. బురదలో నెమ్మదిగా ఎత్తెక్కుతుంటే ఇంజను ఆగిపోతుంది. పైగా హెడ్‌లైటుకు కరెంటిచ్చే కాయిల్ లేదు. లైటు వెలగని బండిని పందెంలోకి రానివ్వరు.

“షాపువాడు ఇదే బెస్టన్నాడు మరదలా,” అన్నాడు బావ.

“నడిపేదెవరో, ఎక్కడో అడగలేదా?”

“అడిగాడు. ట్రాకు మీద నేనే నడుపుతానన్నాను. ఆడపిల్లకని చెబితే నాసిరకం అంటగడతాడని.”

“నడిపేది నేను, ఎంచేది మీరిద్దరూనా?”

ఆమె పెట్టె మూసి బావ చేతిలో పెట్టింది.

“షాపు కట్టేసేలోపు పద. ఈసారి మోత నీది, మాట నాది.”