ఆరో వరస

నేను ఒక జాబితాను. కిరాణా సామాన్ల జాబితాని కాదు, చిన్నచూపు చూడకండి. మా మేడమ్, డాక్టర్ బొడ్డు సువర్చల, యూనివర్సిటీలో ఇరవై ఏళ్లపాటు రాసిన పరిశోధనా వ్యాసాలన్నీ రచయితల పేర్లతో సహా నా ఒంటి మీద ఉంటాయి. ప్రతి వరస చివర ఒక అంకె. ఆ వ్యాసాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో ప్రస్తావించారో చెప్పే అంకె అది. మనిషి విలువ కూడా దాన్నిబట్టే కడతారట.

పుట్టినప్పుడు నాకు ఒకటే వరస, దాని చివర సున్నా. రెండేళ్లకి ఆ సున్నా ఒకటైంది. ప్రస్తావించింది మేడమే, తన రెండో వ్యాసంలో. నవ్వకండి, అందరూ అలాగే మొదలుపెడతారు.

నా దశ తిప్పింది ఆరో వరస. మినుముకి పల్లాకు తెగులొస్తే ఆకులు పసుపు తిరిగి పంట పోతుంది. ఆ తెగులుని తట్టుకునే రకంలో ఒక జన్యువుని మేడమ్ పట్టుకున్నారు. అంకె రెండు వందల పన్నెండు దాకా వెళ్లింది. రోజూ ల్యాబ్‌కి రాగానే కంప్యూటర్‌లో చూసి, పెరిగితే పెన్సిలుతో నా మీద దిద్దేవారు. పెరగని రోజు, టీలో చక్కెర తక్కువైందని అటెండర్ సింహాద్రిని కసిరేవారు. పాపం, నా అంకెలతో అతనికేం సంబంధం అనుకునేదాన్ని.

ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ రెండు వారాలుందనగా, ఆ ప్రయోగాన్నే మళ్లీ చేస్తున్న విద్యార్థినికి మూడోసారీ ఫలితం రాలేదు. మేడమ్ ఆ అమ్మాయిని చెడామడా తిట్టారు. గాజుసామాను కడుగుతున్న సింహాద్రి చేతులు తుడుచుకుని దగ్గరకొచ్చాడు.

"ఆ పాపని తిట్టకండి మేడమ్. ఈ పని మొదటిసారి చేసినప్పుడు, మీరు సెలవులో ఉండగా ఫ్రీజర్ పాడైపోనాది కదా. ఆకుల రసం ట్యూబులన్నీ ఐసు డబ్బాలోకి మార్చినాను. స్పిరిట్టుతో తుడిస్తే మీ మార్కర్ రాతలు పోయినాయి. వరస గురుతుందని నేనే మళ్లీ రాసీసినాను. తప్పు రాసినానేమో."

మర్నాడు మేడమ్ తెగులుని తట్టుకునేదీ సోకేదీ, రెండు రకాల మొక్కల ఆకులూ తనే కోసి పరీక్షించారు. జన్యువు కనిపించింది తెగులు సోకే రకంలో. ట్యూబుల మీద పేర్లు అప్పుడే తారుమారయ్యాయన్నమాట.

మేడమ్ విషయం చెప్పగానే డిపార్ట్‌మెంట్ హెడ్ భూషణం గారు తలుపు దగ్గరగా వేసి, "వ్యాసం అచ్చేసిన పత్రికకి ఇంటర్వ్యూ అయ్యాక రాసుకోవచ్చు కదమ్మా, ఈలోగా మునిగిపోయేదేముంది?" అన్నారు.

"విత్తనాల వాళ్లు ఈ సీజన్‌లోనే మన జన్యువుని నమ్ముకుని కొత్త రకం మొదలుపెడుతున్నారు సార్. వాళ్లు మునుగుతారు."

నిజం చెబుతాను, నేను భూషణం గారి పక్షమే. ఆరో వరస పోతే నాకు మిగిలేదేముంది? మేడమ్ మాత్రం వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఆ పూటే పత్రికకి రాశారు. తరవాత స్కేలు పెట్టి నా ఆరో వరస కొట్టేసి, కింద "ల్యాబ్‌లో పొరపాటు. బాధ్యత నాది. సువర్చల" అని రాశారు. నాకైతే ఏడుపొచ్చింది.

ఇంటర్వ్యూలో పెద్దల కళ్లు ఆ కొట్టివేత దగ్గరే ఆగిపోయాయి. పదవి వేరొకరికి వెళ్లింది. మూడో రోజు మేడమ్ సింహాద్రి చేతికి ఒక కొత్త రిజిస్టరు ఇచ్చి, ప్రతి ట్యూబు వివరమూ అందులో రాయమన్నారు. మేడమ్, ఆ విద్యార్థిని, సింహాద్రి ముగ్గురూ కలిసి నాలుగేళ్లు అదే పని మొదటినుంచి చేశారు. అలా వచ్చిందే నా చివరి వరస. దాని అంకె ఎంతంటారా? పదకొండు.

మేడమ్ రిటైరైనప్పుడు బీరువా ఖాళీ చేస్తుంటే సింహాద్రి నన్ను అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు వాళ్లింట్లో టీవీ పైన, అద్దం ఫ్రేములో ఉన్నాను. మొన్న అతని కూతురు దుమ్ము తుడుస్తూ ఆగింది.

"ఈ వరస కొట్టేసినారేటి నాన్నా?"

"అది నేను సేసిన తప్పమ్మా."

ఆ పిల్ల కింద రాసింది చదివింది. "నీ పేరు లేదే?"

"లేదు. మేడమ్ రాయనేదు." సింహాద్రి కూతురి వేలు పట్టుకుని, మెల్లగా నా చివరి వరసలో రచయితల పేర్ల మీదకి జరిపాడు. "ఇక్కడ రాసినారు."