తొమ్మిది సంతకాలు

మధ్యాహ్నం రెండు గంటల వేళ పాపారపట్టి మొత్తంలో హాయిగా నిద్రపోయే చోటు ఒక్కటే, మా చింతపండు గోడౌను. గోడౌనని పేరే గానీ అందులో చింతపండు లేక ఇరవై ఏళ్లయింది. ఇప్పుడక్కడ ఉయ్యాలలున్నాయి. వాసాలకు పద్నాలుగు పాత చీరలు వేలాడుతుంటాయి, ఒక్కో చీరలో ఒక్కో పసిబిడ్డ. తల్లులు పొద్దున్నే ఎవరి చీర వాళ్లు తెచ్చి కట్టి, బిడ్డను అందులో వేసి కూలికి పోతారు. తల్లి చీర వాసన లేకపోతే బిడ్డ కళ్లు మూయదు. ఒకసారి ఎవరో దాత పాపం కొత్త తెల్లబట్టలు పంపించాడు. వాటిలో వేసిన రోజు పద్నాలుగు మందీ ఒకేసారి రాగం ఎత్తుకున్నారు. ఆ బట్టలు ఇప్పుడు కిటికీలకు కట్టి ఉన్నాయి.

వరసకు ఏడు ఉయ్యాలలు. ఏడింటికీ కలిపి ఒక తాడు. తాడు కొస పట్టుకుని లాగితే ఏడూ ఒక్కసారే ఊగుతాయి. ఒక వరస నాతోపాటు ఊపే మలర్‌ది, ఒక వరస నాది. పదకొండేళ్లుగా నా పని అదే. ఎండ ముదిరేకొద్దీ గోడల్లో ఇంకిన పాత పులుపు వాసన మెల్లగా బయటికొస్తుంది. చీరల రంగులు నేలమీద పడి అటూ ఇటూ కదులుతాయి. పద్నాలుగు ఊపిర్లు కలిసి ఒకే ఊపిరవుతాయి. అప్పుడు నేను నిద్రపోతున్నానో మేలుకున్నానో నాకే తెలియదు, చెయ్యి మాత్రం లాగుతూనే ఉంటుంది. ఆ మగతలో ఎప్పుడో పోయిన మా ఆయన వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతాడు. మా అమ్మ చేటతో రాగులు చెరుగుతూ ఏదో అడుగుతుంది, నేను జవాబు చెబుతాను. నా జన్మలో మంచి మాటలన్నీ ఆ మగతలోనే మాట్లాడాను. మేలుకుని మాట్లాడినవన్నీ తగాదాలే.

ఈ ఉయ్యాలలు నడిపే ట్రస్టు మా అన్న రాఘవన్‌ది. బడిపంతులుగా రిటైరయ్యాక తన పొలంలో సగం అమ్మి పెట్టాడు. ఊపేవాళ్లు, వండేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, బిడ్డల్ని ఆటోలో తెచ్చే మాదేశన్, అందరూ కలిసి తొమ్మిది మంది. "మనది కుటుంబం, కంపెనీ కాదు" అని ఆయన రోజుకు రెండుసార్లైనా అంటాడు. ఒకటో తేదీన తొమ్మిది మందీ రిజిస్టరులో సంతకం పెట్టి జీతం తీసుకుంటారు.

నాది మాత్రం వేరే పద్ధతి. అదే ఒకటో తేదీన మా అన్న మా ఇంటికొస్తాడు. ఇత్తడి పళ్లెంలో రెండు తమలపాకులు, వక్క, ఒక అరటిపండు, ఆకుల కింద ఒక కవరు. నేను కళ్లకద్దుకుని తీసుకుంటాను. మా ఇంటి ఆడవాళ్లు కూలి తీసుకోరు. అందులోనూ ఉయ్యాల ఊపి డబ్బు తీసుకుంటే పుణ్యం పోతుందని మా అమ్మ చెప్పేది. మలర్ జీతమూ నా కవరూ ఒకటే, చేసే పనీ ఒకటే. అయినా ఆమెది కూలి, నాది మర్యాద. నవ్వకండి. మొగుడు పోయిన ఆడదానికి ఈ ఊళ్లో ఆకువక్క ఎవరిస్తారు? శుభకార్యాల్లో నన్ను చూడనట్టే పళ్లెం నా పక్కనుంచి దాటిపోతుంది. మా అన్న ఇచ్చాడు. పదకొండేళ్లు నెల తప్పకుండా ఇచ్చాడు. ఆ పళ్లెం కోసమే నేను ఒకటో తేదీన తలస్నానం చేసి కూర్చునేదాన్ని.

మలర్‌కి ఇప్పుడు ఏడో నెల. మొదటి బిడ్డ మోనిషా పుట్టినప్పుడు ఆమె ఇరవైరెండో రోజుకే పనిలోకొచ్చింది. తన బిడ్డనూ ఒక చీరలో వేసుకుని వరసంతా ఊపేది. మోనిషా పాలకు ఏడిస్తే, అదే సమయానికి ఇంకో ఇద్దరు ఏడిచేవాళ్లు. పరాయి బిడ్డల్ని ఊరుకోబెట్టి తన బిడ్డ దగ్గరికి పోయేలోపు అది ఏడ్చి ఏడ్చి నిద్రపోయేది. రెండు నెలలకే మలర్‌కి పాలు ఎండిపోయాయి. మోనిషా రాగిగంజి మీద పెరిగింది. ఇప్పుడు నాలుగేళ్లది, కొంచెం గాలి మారితే చాలు రొప్పుతుంది.

ఒక సోమవారం కీర్తిక వచ్చింది. ధర్మపురిలో లాయరు, ఈ తమిళనాట పుట్టిన మా తెలుగువాళ్ల పిల్లే. మాకు డబ్బిచ్చే బెంగుళూరు సంస్థ, పనివాళ్ల కాగితాలన్నీ చట్టప్రకారం ఉంటేనే ఇకమీద ఇస్తామని రాసింది. వాటిని సరిచేయడానికి మా అన్నే పిలిపించాడు. ఆఫీసు గదిలో ఆమె రిజిస్టరు తిరగేస్తుంటే మలర్ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను కాఫీ ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

"సార్, కాన్పుకు లీవు కావల్ల" అంది మలర్.

"దానికేమి మలర్, నెల ఉండి రా. నేను వద్దంటానా?" అన్నాడు మా అన్న.

"నెల చాలదు సార్. ఆరు నెలలు కావల్ల. ఈ బిడ్డకైనా పాలియ్యల్లని ఉండాది."

మా అన్న కీర్తికవైపు చూశాడు. ఆ పిల్ల రిజిస్టరులో సంతకాలమీద వేలు పెట్టి లెక్కపెట్టింది. "పది మంది పని చేస్తా ఉంటే సంబళంతో ఆరు నెలలు లీవు ఇచ్చి తీరల్ల సార్, అది చట్టం. ఈడ తొమ్మిది కైయెళుత్తులే ఉండాయి. తొమ్మిదైతే బలవంతం లేదు, మీ ఇష్టం." అని నావైపు తల తిప్పింది. "ఈ అమ్మ?"

"నా చెల్లెలు పంచవర్ణం. సేవ చేస్తాది."

"సంబళం ఏమన్నా ఇస్తారా?"

"ఛీ ఛీ" అన్నాడు మా అన్న. అబద్ధమాడాడని మీరనుకోవద్దు. అది సంబళమని, జీతమని, ఆయనకు కలలో కూడా తోచలేదు. నాకు తోచింది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా చెప్పుకుంటారు. అలాంటి నేను ఆ రోజు తేలు కుట్టిన దొంగలా కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. మలర్ నడుం మీద చెయ్యి వేసుకుని ఉయ్యాలల దగ్గరికి వెళ్లిపోయింది.

"రేపు మధ్యాహ్నం వస్తాను సార్. పని చేసేవాళ్లు తొమ్మిది మందేనని పేపరు రాసుకొని తెస్తాను, మీరు కైయెళుత్తు పెడితే అయిపాయ" అంది కీర్తిక.

సాయంత్రం ఇంటికి నడుస్తూ నాకు నేను ఎన్ని సాకులు చెప్పుకున్నానో. చట్టాలు మనకెందుకు, అన్న మాట కాదని అన్న పరువు తీస్తామా, మలర్ గట్టి మనిషి, ఎలాగో నెట్టుకొస్తుంది. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటీ గొంతు దిగలేదు. అసలు సంగతి నాకు తెలుసు. నేను పదో మనిషినైతే ఒకటో తేదీన పళ్లెం రాదు.

మరునాడు రెండు గంటలకు ఎప్పటిలాగే మగత కమ్మింది. చీరలన్నీ గాలికి ఉబ్బినట్టు కనిపించాయి. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోయాను. చివర్లో పదిహేనో ఉయ్యాల ఉంది. దగ్గరికి పోతే అది నా పెళ్లిచీర. తాడు లాగాను, కదల్లేదు. చేత్తో ఊపాను, కదల్లేదు. లోపల ఇంకా పుట్టని బిడ్డ ఉంది, మలర్ బిడ్డ. ఏడవడం లేదు. కళ్లు పెద్దవి చేసుకుని నన్ను చూస్తోంది. ఏడిచే బిడ్డను ఊరుకోబెట్టే విద్య నాకొచ్చు. ఊరికే చూసే బిడ్డను ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. నాకు చాలా భయం వేసింది.

కళ్లు తెరిచేసరికి అవతలి వరసలో మలర్ ఒక చేత్తో తాడు లాగుతూ, ఇంకో చేత్తో నడుం పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఆమె పాదాలు ఉబ్బి ఉన్నాయి. గిన్నెలు తోముతున్న గోపమ్మను పిలిచి నా తాడు ఆమె చేతికిచ్చి, ఆఫీసు గదిలోకి పోయాను. కీర్తిక కాగితం పరిచింది, మా అన్న పెన్ను మూత తీస్తున్నాడు.

"ఆ లెక్క తప్పు. పది మంది ఉండాము" అన్నాను.

"ఎవరమ్మా పదో మనిషి?" అంది కీర్తిక.

"నేనే."

మా అన్న నవ్వాడు. "పంచూ, నిద్రమత్తులో ఉండావు. పో, మొగం కడుక్కోపో."

"నిద్ర లేసే వచ్చినానన్నా. నెలనెలా ఆకు కింద నువ్వు పెట్టేది ఏమి?"

"అది మర్యాద."

"మర్యాదైతే పోయినేడు నాకు జరమొచ్చి పది దినాలు రాకపోతే ఎందుకు తగ్గింది?"

మా అన్న లెక్కంటే లెక్కే అనే మనిషి, చెల్లెలికైనా పది రోజులు తగ్గించే పెట్టాడు. కీర్తిక మెల్లగా ఆ కాగితం మడిచింది. "పని చేయించుకొని నెలనెలా ఇస్తా ఉంటే అది సంబళమే సార్. దానికి మీరు ఏ పేరు పెట్టినా సరే."

మా అన్న ఆమె మాట విన్నట్టే లేదు. నన్నే చూస్తున్నాడు. "బావ పోయిన పదహారో దినం నిన్ను ఈడికి పిలుచుకొచ్చినాను. నా చెల్లెల్ని కూలికి పంపనని అమ్మకు మాటిచ్చినాను పంచూ. పదకొండేండ్లు ఒకరు నిన్ను కూలిదానివనకుండా చూసుకున్నాను. నీ నోటితోనే అంటావా?" మా అన్న కళ్లలో నీళ్లు మా అమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు. ఆ క్షణం వెనక్కి తీసుకుందామా అనిపించింది. నిజంగా అనిపించింది.

"నువ్వు మాట నిలబెట్టుకున్నావన్నా, నేను కాదన్లేదు. నా మర్యాదకు మలర్ బిడ్డ పాలు పోతా ఉండాయి. అది నాకొద్దు."

గోడ అవతల ఉయ్యాలల తాళ్లు వాసాలకు రాసుకునే చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత మా అన్నే రిజిస్టరు నావైపు తోశాడు. కీర్తిక పదో వరసలో నా పేరు రాసింది, నేను పనిలో చేరిన తేదీ అడిగి రాసింది. నేను తమిళంలో పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాను. ఆఖరి అక్షరం గీత దాటింది. ఆరు నెలల జీతంతో లీవని మలర్ పేరున కాగితం రాయమని మా అన్న కీర్తికతో చెప్పాడు. చెప్పి, నావైపు చూడకుండా చెప్పులు వేసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. ఆ ఎండలో ఆయన ఎటు పోయాడో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

నేను ఉయ్యాలల గదిలోకి తిరిగొచ్చి గోపమ్మను పంపేసి నా చోట కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉంది. ఇంత త్యాగం చేశాను, మలర్ వచ్చి నా కాళ్లమీద పడుతుంది, వద్దులే అని లేవదీయాలి అని మనసులో సిద్ధంగా కూడా ఉన్నాను.

"నీకు ఆరు నెలలు లీవు వచ్చిందే మలర్" అన్నాను.

ఆమె తాడు లాగడం ఆపలేదు. కళ్లు మాత్రం మెరిశాయి. "మీరు కైయెళుత్తు పెట్టినారా అమ్మా?"

"నీకెట్ల తెలుసు?"

"పది కావల్లంటే ఇంకెవరు ఉండారు, మీరే కదా."

"నాది కూడా సంబళమేనని నీకు తెలుసా?"

"అందరికీ తెలుసమ్మా. ఆకు కింద ఏముంటాదో తెలీకుండా ఉంటామా? మీకు కష్టంగా ఉంటాదని మేమెవరం బయటికి అనేది లేదు, అంతే."

నా గర్వం ఎక్కడికి పోయిందో పోయింది. అడగకూడదని తెలిసీ అడిగాను. "పది మంది లెక్క నీకెప్పుడు తెలిసింది?"

"మోనిషా పుట్టినప్పుడే. ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది."

"మరి అప్పుడే అడగల్ల కదే పాపీ!"

మలర్ కోపంగా కాదు, ఎప్పుడో జరిగిపోయిన సంగతి చెప్పేటట్టు మామూలుగానే చెప్పింది. "అడగల్లంటే, పంచవర్ణమ్మ కూడా కూలికే చేస్తాదని సార్ ముందర నేను చెప్పల్ల. ఎట్ల చెప్పేదమ్మా? నాలుగు దినాలు ఆలోచన చేసినాను. నోరు రాలేదు."

నాలుగు దినాలు. పాలు కారే రొమ్ములతో, పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని, నా పరువు గురించి నాలుగు రోజులు ఆలోచించి, ఇరవైరెండో రోజు పనిలోకొచ్చింది. నాకు దుఃఖం ఆగలేదు. బిడ్డలు లేస్తారని కొంగు నోట్లో కుక్కుకున్నాను, అయినా ఆగలేదు.

"పోనీలే అమ్మా, ఏడవద్దండి" అంది మలర్. "మీకు మాత్రం ఏమి తెలుసు, పాపం."