పొయ్యి వెలుగుతోందా

సముద్రం మధ్య చమురు తోడే ఆ ఇనుప మేడ మీద పనిచేసేవాళ్లు ఎదురైతే బాగున్నావా అని అడగరు. "పొయ్యి వెలుగుతోందా?" అంటారు. పొయ్యి అంటే వంటగదిలోది కాదు. నీళ్ల మీదికి చాచిన పొడవాటి గొట్టం కొసన, మిగులు గ్యాసుతో రాత్రింబవళ్లు మండే మంట. అది వెలుగుతోందంటే బావులు పనిచేస్తున్నాయనీ అందరూ క్షేమమనీ అర్థం. దాన్ని కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌కి పొయ్యి బాబాయి అని పేరు పడింది. ఇంట్లో అగ్గిపుల్ల గీయడం చేతకాని మనిషికి ఆ పేరేమిటని అతని భార్య పడీపడీ నవ్వేది.

అదంతా కొడుకు పోకముందు మాట. ఆ మేడ కాళ్లకు పట్టే నత్తగుల్లలు గీకే డైవర్ల జట్టులో చేరాడు వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. ఒకరోజు నీటి ఉరవడి ఎక్కువైంది. తాడు పైకొచ్చింది, పిల్లాడు రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

అప్పటినుంచి తల్లి సాయంత్రం కాగానే ఇంటి మేడెక్కి దూరంగా ఆ మంటను చూసేది. డ్యూటీలో ఉన్న మొగుడికి ఫోను చేసి, "ఇవాళ బాగా కనిపిస్తోందండీ. వాడికి దారి తెలుస్తుంది" అనేది. తర్వాతెప్పుడో ఆవిడ చెప్పడం మాని అడగడం మొదలుపెట్టింది. "పొయ్యి వెలుగుతోందా అండీ?" "వెలుగుతోంది." అంతటితో ఫోను పెట్టేసేవారు. ఆ మార్పును బాబాయి గమనించలేదు. మగవాళ్లకు ఇలాంటివి గమనించే తీరిక ఉండదు కదా.

ఇప్పుడు బావులు ఎండిపోయాయి. సిమెంటు పోసి మూసేశారు. మేడను ముక్కలు చేసి ఒడ్డుకు చేర్చడానికి కొత్త జట్టు దిగింది. వాళ్ల పెద్దకి కోతల సారు అని పేరు. గొప్పలు పోతాడని కాదు, ఆయన నోట మాట ఊడిపడటమే గగనం. ఇనుము కోయించే ఉద్యోగం కాబట్టి ఆ పేరు.

బావులు మూశాక పొయ్యికి గ్యాసెక్కడిది? మంట ముట్టించడానికి దాచిన సిలిండర్లు కొన్ని మిగిలాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తగిలిస్తూ గోరంత మంటను బతికించుకొస్తున్నాడు బాబాయి. ఎవరైనా అడిగితే గొట్టాల్లో ఇంకా గ్యాసుందని బుకాయించేవాడు. ఆ గొట్టాలను తామే కడిగి శుభ్రం చేసినవాళ్లు కూడా కిక్కురుమనలేదు.

ఒక మధ్యాహ్నం కోతల సారే వచ్చాడు.

"బాబాయ్, మంటుండగా మేం ఇనుము కోసే టార్చి ముట్టించకూడదు. మావాళ్లు ఊరికే కూర్చున్నారు."

"ఇంకాస్త గ్యాసుంది సార్."

"గొట్టంలోనా, సిలిండర్లోనా?"

బాబాయి తల దించుకున్నాడు. "ఇంట్లో మా ఆవిడ చూస్తూ ఉంటుంది సార్. మా వాడు ఇక్కడే పోయాడు. ఇది ఆరితే ఆవిడ ఏమైపోతుందో."

కోతల సారు హెల్మెట్ తీసి చాలాసేపు తుడిచాడు. "ముందు ఇంట్లో చెప్పండి. తర్వాతే ఆర్పండి. కానీ ఇవాళే."

పొద్దువాలింది. సిలిండర్ పక్కన గోడకున్న ఫోను అందుకుని ఇంటికి కలిపాడు బాబాయి. కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"పొయ్యి వెలుగుతోందా అండీ?"

"వెలుగుతోంది. ఇవాళ్టికి." తడబడుతూనే అంతా చెప్పాడు. "ఒకసారి మన మేడ మీదికెళ్లు. నువ్వు చూశానంటేనే ఆర్పుతాను."

"ఏం చూడమంటారు? ఎదురుగా ఆ పెద్ద బిల్డింగు లేచాక మనకు సముద్రమే కనిపించదుగా."

ఆ బిల్డింగును అతను చూశాడు. ఇంటికి వెళ్లినప్పుడల్లా దాని ముందునుంచే నడిచాడు. కొడుకు పోయాక అతను మేడెక్కింది లేదు, సముద్రంవైపు తల తిప్పింది లేదు. అందుకే అది దేన్ని మూసేసిందో అతనికి తట్టనే లేదు.

"మరి రోజూ ఎందుకడుగుతావే?"

"మీ చేత చెప్పించాలని. ఆ ఒక్క మాట అనేటప్పుడే మీ గొంతులో కాస్త ప్రాణముండేది. అది కూడా అడక్కపోతే మీరేమైపోతారోనని."

బాబాయి గోడకు ఆనుకున్నాడు. ఆవిడ కోసమని ఇన్నాళ్లూ నిలబెట్టిన మంట తన కోసమే నిలబడిందని తెలిసి సిగ్గేసింది, దుఃఖం ముంచుకొచ్చింది.

"ఆర్పేసి వచ్చేయండి," అంది ఆవిడ. "వాణ్ణి ఎలాగూ తీసుకురాలేకపోయారు. మీరైనా రండి."

అతను ఫోనును చెవికీ భుజానికీ మధ్య అదిమిపెట్టి రెండు చేతులతో వాల్వు తిప్పాడు. గొట్టం కొసన మంట కుంచించుకుపోయి, ఒకసారి లేచి, పోయింది. దూరంగా కోతల సారు, ఆయన మనుషులు హెల్మెట్లు తీసి నిలబడ్డారు.

"ఆరిపోయిందే," అన్నాడు.

అవతల ఆవిడ బావురుమంది. ఇన్నేళ్లలో అతని ముందు ఒక్క చుక్క కన్నీరు కార్చని మనిషి, ఆపుకోలేక ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. కొడుకు పోయాడన్న మాటను వాళ్లిద్దరూ కలిసి ఒప్పుకోవడం అదే మొదటిసారి.